నారు గది లైట్లు

"స్టూలు గట్టిగా పట్టుకో," అన్నాడు జ్ఞానదాసు.

ప్రేమలీల పట్టుకుంది. ఆ స్టూలుకి నాలుగు కాళ్ళలో ఒకటి అంగుళం పొట్టి. పెళ్ళయిన ఏడాది కొన్నది, అప్పటినుంచీ అంతే. ఆయన దానిమీదికి ఎక్కినప్పుడల్లా ఆమె కింద గొంతుక్కూర్చుని రెండు చేతులతో రెండు కాళ్ళు పట్టుకుంటుంది. ఫ్యాను రెక్కలు తుడిచినప్పుడు, క్రిస్మస్ నక్షత్రం కట్టినప్పుడు, గోడకి మేకు కొట్టినప్పుడు. పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో ఎత్తున జరిగిన పనులన్నిటిలోనూ ఆమె చూసింది ఆయన పాదాలు.

ఎనభై మూడు ఆగస్టు మొదటి ఆదివారం. గుడి నుంచి వచ్చి, భోంచేసి, జ్ఞానదాసు స్టోరు గదిలో అటక అడుగున రెండు ట్యూబులైట్లు బిగిస్తున్నాడు. ఒక్కోటి నాలుగడుగులు. ఆయన హార్బర్లో ఎలక్ట్రికల్ చార్జ్‌మాన్. నేల నుంచి అటకకి ఏడున్నర అడుగులని టేపుతో కొలిచి రెండుసార్లు పైకి చెప్పాడు. చోకులు, స్టార్టర్లు ఆమె అందించింది. గంటన్నరలో పని అయిపోయింది. స్విచ్ వేయగానే రెండు ట్యూబులూ మూడుసార్లు కొట్టుకుని వెలిగాయి. అత్తగారు జయమణి గుమ్మం దగ్గరికొచ్చి చూసి, "పెళ్ళిపందిర్లా ఉందిరా," అంది.

ఆ లైట్లు మనుషులకి కాదు, నారుకి. జులైలో జ్ఞానదాసు కేబుల్ పని మీద ఒక పోలండు ఓడ ఎక్కాడు. ఆ ఓడ వంటవాడు కిటికీ లేని గదిలో ట్యూబులైట్ల కింద రేకు పళ్ళేల్లో ఆకుకూర పెంచుతున్నాడు. రోజుకి పదహారు గంటలు లైటు వేస్తే ఎండతో పనిలేదని ఆ వంటవాడు వేళ్ళు చూపించి చెప్పాడట. జ్ఞానదాసు ఇంటికొచ్చి ఆ మాట మూడు రోజులు చెప్పాడు. నాలుగో రోజు ట్యూబులు తెచ్చాడు.

దాని వెనక ఒక గుమ్మడికాయ ఉంది. ఏటా నవంబరు ఆఖరి ఆదివారం చర్చి సంఘంలో కోత పండగ. ప్రతి కుటుంబం తమ పెరట్లో పండింది తెచ్చి గుళ్ళో ప్రభువు బల్ల ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పోయినేడు సెప్టెంబరు వానలకి పెరట్లో పోసిన నారు రెండుసార్లు కుళ్ళిపోయింది. చివరికి వాళ్ళు పట్టుకెళ్ళింది కంచరపాలెం బజార్లో కొన్న గుమ్మడికాయ. వేలం పాడే సెక్రటరీ సుందర్ రాజ్ జ్ఞానదాసుకి బావ వరస. అతను కాయని ఎత్తి పట్టుకుని, "ఇది మా జ్ఞానదాసు బావ పెరట్లో కాసిందంట. కాడ సూత్తే గోనెసంచిలో కాసినట్టుంది," అన్నాడు. అందరితో పాటు జ్ఞానదాసూ నవ్వాడు. ఇంటికొచ్చి, "పెరడంతా నీకొగ్గేసినాను. ఏటి సేసినావ్?" అన్నాడు ప్రేమలీలతో. మళ్ళీ మాట్లాడలేదు. బుధవారం దాకా మాట్లాడలేదు.

అందుకని ఈ ఏడు అందరికంటే ముందు కాలీఫ్లవరు. ఆగస్టులో గదిలో నారు పోసి, సెప్టెంబరు మధ్యలో పెరట్లో నాటితే నవంబరు ఆఖరుకి పువ్వు వస్తుందని లెక్క. పళ్ళ బండివాడి దగ్గర చెక్కపెట్టెలు మూడు అడిగి తెచ్చింది ప్రేమలీల. పెరటి మట్టి, ఇసుక, మాగిన పెంట జల్లెడ పట్టి కలిపింది. దానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. విత్తనాలు చల్లింది. పొద్దున్న ఐదింటికి లైట్లు వేసి రాత్రి తొమ్మిదింటికి తీసే పని కూడా ఆమెదే అయింది. నాలుగున్నరకి లేచేది ఆమె కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

వంటింట్లో నలభై క్యాండిల్ బల్బు. కిటికీ రైలుకట్ట గోడ వైపు ఉంటుంది, కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేసుకోవాలి. ఎనిమిదేళ్ళ కిందట ఆమె మొదటిసారి అడిగింది, వంటింట్లో ఒక ట్యూబులైటు వేయిస్తే బాగుంటుందని. "పొయ్యిమంట ఎలుగు సాలదేటి?" అన్నాడు. అప్పటికి ఆ వీధిలో పదకొండు ఇళ్ళకి ఆయనే వైరింగు చేశాడు. రెండోసారి అడిగినప్పుడు జయమణి, "మాం కిరసనాయిలు బుడ్డికాడ పదిమందికి వండినాం. నీ కళ్ళేటి గాజుకళ్ళా?" అంది. మూడోసారి అడగలేదు. అడగకపోవడం కూడా అలవాటవుతుంది. ఇప్పుడు స్టోరు గదిలో రెండు ట్యూబులు వెలుగుతుంటే, ఆమె ఆ గది దాటి వంటింట్లోకి వెళ్ళి, బల్బు కింద కూర తరిగింది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఉల్లిపాయ తరగడం అయిపోయింది.

ఐదో రోజుకి మొలకలొచ్చాయి. తొమ్మిదో రోజుకి దారాల్లా సాగి పక్కకి వాలిపోయాయి. జ్ఞానదాసు చూసి నీళ్ళు ఎక్కువ పోశావన్నాడు. ఓడమీద వాడు ఇంత పోయలేదన్నాడు. ఆమె నీళ్ళు తగ్గించింది. మళ్ళీ చల్లింది. రెండోసారి చల్లినప్పుడు నేలమీద చోటు చాలక ఒక పెట్టెని బల్లమీదున్న ట్రంకుపెట్టె పైన పెట్టింది. ఆ ట్రంకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురిది. వారం తిరిగేసరికి నేలమీది మొలకలు మళ్ళీ సాగాయి. ట్రంకుమీదివి కొంచెం నయం. ఆమె ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నీళ్ళు ఒక్కటే, మట్టి ఒక్కటే. తేడా ఎత్తులో ఉంది. ట్యూబులైటు కరెంటు పనివాడు ఎక్కడ బిగిస్తాడో అక్కడ బిగించాడు ఆయన, గదికి వెలుగు వచ్చేలా. మొక్కకి గదితో పని లేదు.

లైట్లు కిందికి దింపమని అడగొచ్చు. ఆమె అడగలేదు. మొక్కల్నే పైకి ఎక్కించింది. బల్లమీద ట్రంకు, ట్రంకుమీద తన పెళ్ళినాటి ట్రంకు, దానిమీద ఇటుకలు, ఇటుకలమీద కొత్తగా చల్లిన పెట్టెలు. ట్యూబుకీ మట్టికీ మధ్య నాలుగు వేళ్ళు. మొలక పెరిగిన కొద్దీ ఇటుకలు తీసేది. జ్ఞానదాసు ఆదివారం వచ్చి చూసి, అంత ఎత్తున ఎందుకు పెట్టావని అడిగాడు. చీమలు పడుతున్నాయని చెప్పింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

అంత ఎత్తున నీళ్ళు చిలకరించాలంటే స్టూలు ఎక్కాలి. ఆమె ఎక్కితే పట్టుకునేవాళ్ళు లేరు. జయమణికి మోకాళ్ళు వంగవు. మొదటిరోజు స్టూలు ఊగితే గోడ పట్టుకుని దిగిపోయింది. పెరట్లోకి వెళ్ళి పగిలిన పెంకుముక్క ఒకటి ఏరుకొచ్చి పొట్టికాలి కింద పెట్టింది. స్టూలు కదల్లేదు. ఆమె ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. పదిహేడేళ్ళలో ఈ సంగతి ఎవరికీ తోచలేదు. తనకీ తోచలేదు. పట్టుకోడానికి తను ఉంది మరి. పనయ్యాక పెంకుముక్క తీసి కిటికీ గూట్లో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత సంగతి అనిపించలేదు.

ప్రేమలీల మిషను ఎలిమెంటరీ స్కూల్లో మూడో తరగతి టీచరు. నలభై ఎనిమిది మంది పిల్లలు, నలభై ఎనిమిది కాపీ పుస్తకాలు. రెండేళ్ళుగా ఆమె కళ్ళు పోతున్నాయి. పోతున్నాయనే ఆమె అనుకుంది, ఎందుకంటే వాళ్ళమ్మకి నలభై దాటాక పోయాయి, ఆమెకిప్పుడు ముప్పైతొమ్మిది. దిద్దిన టిక్కులు గీత దాటి పక్క లెక్కమీద పడేవి. తప్పుని ఒప్పు చేసేది. హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తిగారు స్టాఫ్ రూములో అందరిముందూ ఒక కాపీ పుస్తకం తెరిచి, "ప్రేమలీలగారు ప్రార్థన చేసుకుంటూ దిద్దినట్టున్నారు," అన్నారు. హాజరు మొత్తాల రిజిస్టరు ఆమె దగ్గరనుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఆ రిజిస్టరు ఆమె పదకొండేళ్ళు రాసింది. ఇంట్లో అన్నంలో రాళ్ళు వచ్చేవి. రాయి పంటికింద పడగానే జ్ఞానదాసు నమలడం ఆపేవాడు. ఆపి, అందరూ తనవైపు చూసేదాకా ఉండి, కంచం అంచున ఆ రాయి పెట్టేవాడు. "కళ్ళెట్టి ఏరొచ్చుగదా," అనేది జయమణి. కళ్ళు కనబడనప్పుడు ఉద్యోగం ఎందుకు, మానెయ్యమని ఆయన రెండుసార్లు అన్నాడు. పోట్లాటగా కాదు. పేపరు చదువుతూ అన్నాడు. హాల్లో ట్యూబులైటు ఉంది గానీ, సాయంత్రం దానికింద రేడియో, ఆయన, ఆయన స్నేహితులు, టీలు. కాపీ పుస్తకాలకి వంటింటి గట్టే.

సెప్టెంబరు మొదటివారంలో ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఆమె స్టోరు గదిలో బియ్యం డబ్బామీద కూర్చుంది. వంటింట్లో అన్నం ఉడుకుతోంది. కూర్చోవాలని కూర్చోలేదు, నడుము నొప్పిపుట్టి కూర్చుంది. కాళ్ళ దగ్గర ఖాళీ విత్తనాల పొట్లం పడి ఉంటే తీసింది. దాని అడుగున బియ్యపు నూకలంత అక్షరాలున్నాయి. లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం. ఆమె చదివింది. చదివాక పొట్లం కాస్త దూరంగా పట్టుకుని మళ్ళీ చదివింది. నంబరు తొమ్మిదంకెలు. తొమ్మిదీ కనిపించాయి.

ఆమె లేచి, వంటింట్లోంచి కాపీ పుస్తకాలు తెచ్చుకుంది. ఐదు దిద్దింది. టిక్కులు టిక్కుల చోట పడ్డాయి. తర్వాత చాటలో రెండు గిద్దల బియ్యం పోసుకొచ్చి ఏరింది. పద్నాలుగు రాళ్ళు వచ్చాయి. అరచేతిలో పోసుకుని చూసింది. అరచెయ్యి కూడా చూసింది. బొటనవేలి పక్కన మూడు కత్తి గాట్లు మానిన గుర్తులున్నాయి, మణికట్టు మీద కాలిన మచ్చ ఒకటి. అవి ఎప్పుడైనవో గుర్తులేదు. రెండేళ్ళు తను గుడ్డిదవుతున్నాననుకుంది. రాత్రిపూట కళ్ళు మూసుకుని ఇంట్లో నడవడం అలవాటు చేసుకుంది, ముందుముందు పనికొస్తుందని. డబ్బా నుంచి పొయ్యికి ఆరు అడుగులు, పొయ్యి నుంచి బిందెకి మూడు. ఏడవాలేమో అనుకుంది. వంటింట్లో అన్నం మాడిన వాసన వచ్చింది. వెళ్ళి దింపింది.

ఆ రోజు నుంచి ఆమె పనులు ఒక్కొక్కటిగా ఆ గదిలోకి వచ్చాయి. బియ్యం, కాపీ పుస్తకాలు, బొత్తాలు ఊడిన చొక్కాలు. ఏడు నుంచి తొమ్మిది దాకా. ఒకసారి జయమణి వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ గదిలో కూర్చోబెట్టి సూదితో తీసింది. ముల్లు పోయాక ముసలావిడ వెంటనే లేవలేదు. తన చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "ఇన్నాళ్ళూ ఈ మచ్చ పుట్టుమచ్చనుకున్నాను," అని వెళ్ళిపోయింది.

కాలీఫ్లవరు నారు సెప్టెంబరు పద్దెనిమిదిన పెరట్లో నాటారు. ఇక లైట్లతో పని అయిపోవాలి. ప్రేమలీల ఆ సాయంత్రమే పెట్టెల్లో టమాటా విత్తనాలు చల్లింది. టమాటా అయ్యాక వంగ, వంగ అయ్యాక మిరప. వీధిలో వాళ్ళకి పంచింది, స్కూల్లో పంచింది. అందరూ జ్ఞానదాసుగారి నారు అన్నారు. కాడలు దారాల్లా కాకుండా పొట్టిగా లావుగా ఉండేవి ఆ మొక్కలు. జ్ఞానదాసు వచ్చినవాళ్ళని స్టోరు గదిలోకి తీసుకెళ్ళి చోకులు చూపించేవాడు. ఆమె డబ్బామీంచి లేచి పక్కకి నిలబడేది.

నవంబరు ఆఖరి ఆదివారం, బల్ల ముందు తొమ్మిది కాలీఫ్లవర్లున్నాయి. తొమ్మిదీ వాళ్ళవే. మిగిలినవాళ్ళ పెరట్లలో ఇంకా ఆకులే. వేలంలో సుందర్ రాజ్ మొదటి పువ్వు ఎత్తి పట్టుకుని, "బ్రదర్ జ్ఞానదాసుగారి ప్రయాస ఫలం. ఈసారి కాడ పచ్చిగానే ఉంది, బావా," అన్నాడు. జ్ఞానదాసు లేచి నిలబడి చేతులు జోడించాడు. మగవాళ్ళు చుట్టూ చేరి లైట్లు ఎంత ఎత్తున పెట్టాలని అడిగారు. "ఏడున్నర అడుగులు. టేపెట్టి కొలిసినాను," అన్నాడు. ఇద్దరు చీటీమీద రాసుకున్నారు. ప్రేమలీల ఆడవాళ్ళ వైపు చాపమీద కూర్చుని విన్నది. వచ్చే ఏడు ఆ ఇద్దరి ఇళ్ళలో నారు దారాల్లా సాగి పడిపోతుంది. వాళ్ళ భార్యల్ని నీళ్ళు ఎక్కువ పోశావంటారు. లేచి చెప్పాలా అనుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

అప్పుడు సుందర్ రాజ్ ఇంకో మాట చెప్పాడు. ఈ క్రిస్మస్‌కి గుళ్ళో కట్టే యేసు పుట్టిన పశువులపాకకి తన రెండు ట్యూబులైట్లూ బ్రదర్ జ్ఞానదాసుగారు సంఘానికి ఇచ్చేస్తున్నారని. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరమ్మగారు ప్రేమలీల చెయ్యి పట్టుకుని, "మంచి ఇల్లమ్మా మీది," అంది. అవునండి అంది ప్రేమలీల.

సోమవారం స్కూలు నుంచి వచ్చి ఆమె మూడు పెట్టెల్లోనూ కొత్త మట్టి నింపింది. నీళ్ళు చిలకరించింది. విత్తు వేశాను, ఇప్పుడు లైట్లు తీస్తే చచ్చిపోతాయి అని చెప్పొచ్చు. ఆ మాట మనసులో తయారు చేసుకుంది. టమాటా విత్తనాలు అరపొట్లం మిగిలి ఉన్నాయి. పొట్లం విప్పి, అరచేతిలోకి వంపుకుని, మట్టి ముందు కాసేపు నిలబడింది. మొలిస్తే లైటు మళ్ళీ వాటిదవుతుంది. వాటికోసం వేసిన లైటులో తను ఒక పక్కన కూర్చున్నట్టవుతుంది. నాటేశాక మళ్ళీ అడగాలి, మళ్ళీ చల్లాలి, మళ్ళీ నలుగురికి పంచాలి. ఆమె విత్తనాలు తిరిగి పొట్లంలో పోసి, పొట్లం ట్రంకులో పెట్టింది. పెట్టెలు తడిమట్టితో కింద బల్లమీదే ఉంచి, ఇటుకలు గోడ పక్కన దొంతి పెట్టింది. రోజూ నీళ్ళు చిలకరించింది. సాయంత్రాలు డబ్బామీద కూర్చుంది. శుక్రవారం నాడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, హాజరు మొత్తాల రిజిస్టరు తనకి తిరిగి ఇప్పించమని అడిగింది. చూద్దామన్నారు. బల్లమీద ఉన్న పేపరు తీసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఓడల రాకపోకల జాబితా ఆయనకి చదివి వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రేపు ఒంటిపూట కదా, సోమవారం తీసుకెళ్ళండి అన్నారు.

శనివారం సాయంత్రం ఏడున్నరకి జ్ఞానదాసు కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు పట్టుకుని స్టోరు గదిలోకి వచ్చాడు. రెండో చేత్తో స్టూలు ఈడ్చుకొచ్చాడు. ప్రేమలీల బియ్యం డబ్బామీద కూర్చుని ఒళ్ళో కాపీ పుస్తకాలు పెట్టుకుని దిద్దుతోంది. ఆయన పెట్టెల్లోకి చూశాడు. మట్టి తడిగా ఉంది.

"ఏటేసినావు ఇందులో?"

"ఏటీ ఎయ్యలేదు."

ఆయన వేలితో మట్టి గెలికాడు. ఇంకో పెట్టె కూడా గెలికాడు.

"మరి లైట్లెందుకేసినావు?"

"నాను కూర్చుంటాను," అంది ప్రేమలీల.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె ఎర్ర సిరా పెన్నుతో ఒక లెక్క కొట్టేసి, పక్కన సరైన మొత్తం వేసింది.

సంఘంలో మాటిచ్చానని, రేపు పొద్దున్న సుందర్ రాజ్ వచ్చి పట్టుకెళ్తాడని ఆయన చెప్పాడు. దేవుడికిచ్చినదాని దగ్గర ఈ పేచీ ఏమిటన్నాడు. కావాలంటే వచ్చే నెల వంటింట్లో ఒక ట్యూబు బిగిస్తానన్నాడు. ఆ మాట ఆమె విన్నది. ఎనిమిదేళ్ళ కిందటైతే ఆ మాటకి లేచి టీ పెట్టేది. ఆయన స్టూలుని ట్యూబుల కిందికి జరిపాడు.

"స్టూలు పట్టుకో."

ఆమె పేజీ తిప్పింది.

"నీకే. ఇనబడతందా? స్టూలు పట్టుకో."

వినబడిందంది ప్రేమలీల. లేవలేదు. జ్ఞానదాసు ఒక కాలు స్టూలుమీద పెట్టాడు. స్టూలు పొట్టికాలి వైపు ఒరిగింది. కాలు దింపాడు. స్టూలుని తిప్పి పెట్టి మళ్ళీ కాలు పెట్టాడు. ఈసారి ఇంకోవైపు ఒరిగింది. కింద నిలబడి చెయ్యి చాపితే వేళ్ళ కొసలు ట్యూబుకి తగులుతాయి గానీ, దాని వెనకున్న మర దాకా స్క్రూడ్రైవరు పోదు. చాపి చూశాడు.

"అమ్మా," అని పిలిచాడు.

జయమణి పెద్దక్షరాల బైబిలు పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. కొడుకుని చూసింది, స్టూలుని చూసింది. కోడలు తల ఎత్తలేదు.

"కాస్త ఈ స్టూలు పట్టుకో అమ్మా."

"నా మోకాళ్ళు వంగవురా," అంది జయమణి. అని, హాల్లోకి వెళ్ళకుండా లోపలికొచ్చింది. ఇటుకల దొంతిమీద మెల్లిగా కూర్చుని, బైబిలు తెరిచి, వేలితో వరస వెతుక్కుంది.

జ్ఞానదాసు ప్లయరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రైలుకట్టమీద గూడ్సు బండి వెళ్ళింది. ట్యూబులు సన్నగా అదిరి ఆగాయి. కిటికీ గూట్లో ఉండాల్సిన పెంకుముక్క ప్రేమలీల మడమ కింద ఉంది. ఆమె ముప్పైయారో పుస్తకం తెరిచింది.